మోకాలి లోతు నీళ్ళు

58వ రోజు

ఒకటి నుంచి ఐదు చోట్లు: పెట్టెజెల్లి లేదు. ఆరో చోటు: ఉంది. రేపు రేవు మూత. ఈ ఋతువులో ఇది ఎనిమిదోసారి.

ఇతర విషయాలు: ఈ గడి ఖాళీగా వదిలితే నమోదు చెల్లదని తీర మండలి సర్క్యులర్ పంపింది. ఇరవై రెండేళ్ళుగా ఖాళీగానే వదిలాను, చెల్లుతూనే వచ్చింది. సరే. నాకు డెబ్భై నాలుగేళ్ళు, విషయాలకు కొదవ లేదు. చదివేవారి ఓపిక వారిది.

చదివేది కొత్త గుమాస్తా అయితే వారి కోసం: నా పేరు గరికిన చిలకమ్మ. జంతుశాస్త్రంలో డాక్టరేటు, ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పాను. దిబ్బలమొగ నీటి కేంద్రానికి అధికారిని నేనే, ఊడ్చేదాన్నీ నేనే. కేంద్రం పాత తుఫాను షెల్టరు పై అంతస్తులో ఉంది. కింది అంతస్తులో సముద్రం ఉంటోంది.

సాయంత్రం నాలుగింటికి ఆరు చోట్ల నీళ్ళు తీస్తాను. ఐదు చోట్ల తెప్పలకు కట్టిన గొట్టాలు వాటంతట అవే తోడుకొస్తాయి. ఆరోది ఆడవాళ్ళు దిగే రేవు. అక్కడ నీళ్ళు తక్కువ, గొట్టంలో ఇసుక పడుతుంది. అందుకని చీర ఎగదోపుకొని మోకాలి లోతుకు దిగి సీసా ముంచుతాను. ఆ నీళ్ళు వడగట్టి, ఫిల్టరు బిళ్ళను యంత్రంలో పెడతాను. నీళ్ళలో ఈదే ప్రతి ప్రాణీ కాస్త జిగురో, చర్మం తునకో వదులుతూ పోతుంది. అందులోని జన్యు గుర్తులు చదివి, ఎవరెవరు వచ్చి వెళ్ళారో యంత్రం ఏడింటికల్లా చెబుతుంది. గొడుగుజెల్లి, అంటే గొడుగులాంటి జెల్లీచేప, ఉంటే సంతోషం. చేపలు పోయాక ఊరు బతుకుతున్నది ఆడవాళ్ళు దాన్ని పట్టి, ఉప్పులో, పటికలో ఆరబెట్టే. పెట్టెజెల్లి, అంటే కుట్టే విషపు జెల్లీచేప, ఉంటే మర్నాడు ఎవరూ కాలు తడపకూడదు. అది నీళ్ళలాగే ఉంటుంది, కంటికి ఆనదు. తగిలాకే తెలుస్తుంది. మా ఆయనకు పందొమ్మిదేళ్ళ క్రితం తెలిసింది.

ఆయన కాలి నుంచి ఊడదీసినది నా బల్ల మీద స్పిరిట్ సీసాలో ఉంది. యంత్రానికి పెట్టెజెల్లి గుర్తు నేర్పింది దానితోనే. వారానికోసారి సీసా తుడుస్తాను. ఆయన ఫోటో కూడా తుడుస్తాను, అంత తరచుగా కాదు.

60వ రోజు

ఆరో చోటు: ఉంది. తొమ్మిది.

ఇతర విషయాలు: వెనక్కి తిరగేసి చూశాను. 44వ రోజున మొదలైంది. అప్పటి నుంచి ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. ఉన్న మర్నాడు రేవు మూస్తాను, ఆ సాయంత్రం నీళ్ళు శుభ్రం. తెరుస్తాను, మళ్ళీ ఉంది. రోజు విడిచి రోజు వచ్చేవాళ్ళను కాలేజీ స్టాఫ్ రూములో చూశాను గానీ సముద్రంలో చూడలేదు.

మిగతా ఐదు చోట్లా ఆనవాలే లేదు. సముద్రంలోంచి వచ్చేదైతే ముందు వాటిని దాటి రావాలి కదా. ఇది నేరుగా ఆడవాళ్ళ రేవులో దిగుతోంది, బస్సు దిగినట్టు.

మండలి నియమం అందరికీ తెలిసిందే: నూరు రోజుల ఋతువులో పదిహేనుసార్లు 'ఉంది' అని వస్తే రేవు శాశ్వతంగా మూత. రేవు లేని ఊరు ఒడ్డున ఉండకూడదు. నూట పదకొండు కుటుంబాలనూ మెట్ట మీది కాలనీలో, ఐదంతస్తుల అరల్లో సర్దుతారు.

మోకాళ్ళ నొప్పి. 43వ రోజున మండలి ఇంకో ఆజ్ఞ ఇచ్చింది కదా: రేవు తెరిచిన రోజున అధికారి ఒడ్డున నిలబడి, నీళ్ళలోకి దిగినవారినీ ఎక్కినవారినీ లెక్కపెట్టాలని. ఆ ఆజ్ఞలో 'కుర్చీ' అనే మాట లేదు. మా వియ్యపురాలు మైలపల్లి నూకరత్నం అప్పట్లోనే నా పుట్టినరోజని ఒక సీసా మోకాలి మందు చేసి తెచ్చింది. డాక్టరేటు ఉన్నవాళ్ళు అలాంటివి రాసుకోరని ఆమెతో చెప్పాను.

63వ రోజు

ఆరో చోటు: లేదు. నిన్న ఉంది. పది.

ఇతర విషయాలు: ఉదయం నూకరత్నాన్ని పిలిపించాను. ఈ ఊళ్ళో నీళ్ళలోకి దిగే ఇరవై ఆరుగురు ఆడవాళ్ళకు ఆమే పెద్ద. నా కొడుకు ఆమె కూతుర్ని చేసుకొని ముప్ఫై ఏళ్ళయింది, మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఒక మనవరాలు, నీలవేణి. అది ఆ ఇరవై ఆరుగురిలో అందరికంటే ముందు దిగుతుంది, అందరికంటే వెనక ఎక్కుతుంది.

"వదినా, పట్టిన జెల్లిని ఉప్పులో వేసే తొట్లు ఎక్కడ కడుగుతున్నారు?" అన్నాను.

"రేవులోనే. ఇంకెక్కడ కడుగుతాం? నీ బల్ల మీదేటి?"

"గొడుగుజెల్లితో పాటు పొరపాటున పెట్టెజెల్లి తొట్లో పడుతోందేమో. కడిగిన నీళ్ళు రేవులో కలుస్తున్నాయి. రేవు తెరిచిన రోజునే కదా మీరు కడిగేది."

ఆమె లేచి నిలబడింది. "నలభై ఏళ్ళ నుంచి ఏరతన్నాను. గొడుక్కీ పెట్టెకీ తేడా తెల్దనుకున్నావేటి నాకు? పదో తరగతి తప్పినాను గానీ కళ్ళు తప్పనేదు."

"తెలీదని అనలేదు."

"అన్నావు. ఇంగ్లీషులో అన్నావు, నాకు తెలుగులో ఇనబడింది."

ఇంగ్లీషు ముక్క ఒక్కటి మాట్లాడలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. అయినా రేపటి నుంచి తొట్లు ఊరవతల ఉప్పుగుంటలో కడిగిస్తానని ఒప్పుకుంది. మెట్లు దిగుతూ, "కాలనీలో నాలుగో అంతస్తు ఇత్తారంట. జెల్లి ఎక్కడారబెట్టమంటావో అది కూడా నీ మిషన్నే అడుగు" అని వెళ్ళింది.

64వ రోజు

తొట్లు ఉప్పుగుంటలో కడిగారు. ఆరో చోటు: ఉంది. పదకొండు.

ఇతర విషయాలు: నూకరత్నం కిటికీ కింద నిలబడి "ఇప్పుడు సెప్పు" అంది. నేను కిటికీ మూయడం ఊళ్ళో చాలామంది చూశారు.

68వ రోజు

ఆరో చోటు: ఉంది. పదమూడు.

ఇతర విషయాలు: తప్పు నాదేమోనని కూడా చూశాను. కాచి చల్లార్చిన నీళ్ళు వడగట్టి యంత్రంలో పెట్టాను, ఏమీ లేదు. చేతులకు కొత్త తొడుగులు వేసుకున్నాను. సీసాలు రెండుసార్లు ఉడకబెట్టాను. నా బల్ల మీద మురికి ఉండదు. ఇరవై రెండేళ్ళలో ఈ మెట్లెక్కిన ప్రతివాడినీ చేతులు కడుక్కోమని తిట్టాను, ఒక మంత్రితో సహా.

ఇక మిగిలింది ఒకటే: అది నిజంగానే ఉంది. రేవు బురదలో ఎక్కడో కాపురం పెట్టింది, ఆడవాళ్ళు దిగినప్పుడు కదులుతోంది. అలాగైతే రోజు విడిచి రోజు నీలవేణిని దాని మీదికి పంపుతున్నది నేనే, రేవు తెరిచినట్టు ఆకుపచ్చ గుడ్డ కట్టి మరీ.

దానితో అన్నాను, నీళ్ళలోకి వెళ్ళొద్దని.

"మామ్మా, నీ గుడ్డ పచ్చగా ఉంటే ఎల్తాను, ఎర్రగా ఉంటే మానేత్తాను. మధ్యలో ఇంకో రంగుంటే సెప్పు" అంది.

దానికి ఈ నోరు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఎవరినీ తప్పుపట్టలేం.

70వ రోజు

ఆరో చోటు: ఉంది. పద్నాలుగు.

ఇతర విషయాలు: ఇంకొక్కటి. కొందరు పెట్టెలు సర్దుతున్నారు. ఎదురింటివాళ్ళు పైకప్పు మీద జెల్లి ఆరబెట్టే చాపలు చుట్టేశారు. నూకరత్నం మాత్రం కొత్త చాప అల్లుతోంది, నాకు కనబడేటట్టు.

71వ రోజు

ఆరో చోటు: లేదు.

ఇతర విషయాలు: ఈ గడి సరిపోదు. కాగితం అతికిస్తున్నాను.

రేవు మూత కాబట్టి పని లేక నూకరత్నం మధ్యాహ్నం పైకి వచ్చింది. తగాదాకే వచ్చింది. కానీ కూర్చోగానే ఆమె చూపు కిటికీ గూట్లోకి వెళ్ళింది. అక్కడ ఆమె ఇచ్చిన మోకాలి మందు సీసా ఉంది. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది.

"రాసుకోనన్నావు?"

"ఆవిరైపోయింది."

"మూతెట్టి ఉంది గదేటి."

నేను కిటికీలోంచి సముద్రం చూశాను. సముద్రం అక్కడే ఉంది.

ఆమె ముఖం విప్పారింది. ఎనిమిది రోజుల కోపం ఒక్క సీసాతో పోయింది. "తగ్గిందా వదినా? తగ్గుతాది. గానుగలో ఆడించిన నువ్వుల నూనె, కర్పూరం, వాము గుప్పెడు దంచి ఏశాను. మల్లీ సేసిత్తాను గానీ, నీ స్పిరిట్టు అయిపోయింది. ఈ ఏడు ఎప్పుడు మారుత్తావు?"

"ఏ స్పిరిట్టు?"

"అదే, ఆ జెల్లిది." బల్ల మీది సీసా చూపించింది. "ఏడాదికోపాలి మార్సి, పాతది పారబొయ్యాలని మెట్ల కాడ ఎడతావు గదా. అంత స్పిరిట్టు మట్టిలో పొయ్యడానికి సేతులెలా ఆడతాయి? ఈపాలి నీకోసం అట్టేపెట్టినాను. నాకేటి, నా మోకాళ్ళు రాళ్ళు. నీవి సదువుకున్న మోకాళ్ళు."

నేను గూట్లోంచి మందు సీసా తీసి బల్ల మీది సీసా పక్కన పెట్టాను. 

రేవు తెరిచిన రోజున ఉదయమంతా నిలబడతాను. మధ్యాహ్నానికి మోకాళ్ళు పీకుతాయి. తలుపు వేసుకొని మందు రాస్తాను. నాలుగింటికి చీర ఎగదోపుకొని ఆరో చోట మోకాలి లోతుకు దిగుతాను. రేవు మూసిన రోజున నిలబడే పని లేదు, నొప్పి లేదు, మందు లేదు. స్పిరిట్‌లో ఏడాది నానిన జెల్లి తన గుర్తులు అందులో వదిలిపెడుతుంది. రెండో ఏడు పిల్లలకు ఈ సంగతి నేనే చెప్పేదాన్ని, పరీక్షలో కూడా ఇచ్చేదాన్ని.

చేతులకు తొడుగులు ఉన్నాయి. మోకాళ్ళకు లేవు.

ఇంకొక విషయం కూడా గడిలో రాయాలి. ఆయన కాలిని చుట్టుకున్నదాన్ని నెల రోజులుగా నా కాళ్ళకు నేనే రాసుకుంటున్నాను. హాయిగానే ఉండింది.

72వ రోజు

రేవు తెరిచాను. ఉదయమంతా నిలబడ్డాను. నొప్పి భరించాను, మందు రాయలేదు. మోకాళ్ళు సబ్బుతో మూడుసార్లు తోమాను. ఆరో చోటు: లేదు.

ఇతర విషయాలు: తెరిచిన రోజున 'లేదు' రావడం నెలకు ఇదే మొదలు. కింద ఆడవాళ్ళు తొట్లు వాయిస్తున్నారు.

ఋతువు ఇంకా ఇరవై ఎనిమిది రోజులు ఉంది. నేను మందు మానేసి నోరు మూసుకుంటే లెక్క పద్నాలుగు దగ్గర ఆగుతుంది. ఋతువు ముగిస్తే సున్నా అవుతుంది. ఎవరికీ తెలియదు. నూకరత్నానికి తెలిసినది ఒక్కటే, నాకు మందు పని చేసిందని. అది ఎలాగూ ఈపాటికి ఊరంతా చెప్పి ఉంటుంది.

కానీ ఆ ఇరవై ఎనిమిది రోజుల్లో నిజం పెట్టెజెల్లి ఒక్కటి, ఒక్కసారి, దారితప్పి వచ్చినా అది పదిహేనోది అవుతుంది. నా మోకాళ్ళు పద్నాలుగు, అది ఒకటి. ఊరు మెట్టకు పోతుంది.

73వ రోజు

ఆరో చోటు: లేదు.

ఇతర విషయాలు: తీర మండలి వారికి. 44 నుంచి 70వ రోజు వరకు ఆరో చోట నమోదైన పద్నాలుగు 'ఉంది'లు సముద్రంలోని జెల్లివి కావు. కేంద్రంలోని నమూనా సీసా స్పిరిట్‌తో చేసిన మందును మోకాళ్ళకు రాసుకొని, వాటితోనే నీళ్ళలోకి దిగిన అధికారివి. పారేయవలసిన స్పిరిట్‌ను మెట్ల దగ్గర వదిలినది ఆ అధికారే. తొట్లు కడిగేవారిపై ఆమె మోపిన నింద తప్పు. నూకరత్నానికి ఈ వాక్యం చదివి వినిపించడమైనది. ఆమె రెండోసారి కూడా చదివించుకుంది.

76వ రోజు

మండలి నుంచి పరిశీలకుడు వచ్చాడు. విరూపాక్ష. నా దగ్గరే చదివాడు, రెండుసార్లు తప్పించాను. అతను ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"మేడమ్, మీ మాట నమ్ముతాను. మాట మీద పద్నాలుగు కొట్టెయ్యలేను. ఋజువు కావాలి" అన్నాడు. పాసయ్యేవాడే, నేనే తొందరపడ్డాను.

ఋజువు ఫ్రీజర్‌లో ఉంది. పద్నాలుగు ఫిల్టరు బిళ్ళలూ తేదీలు వేసి దాచాను. సంతలో దినుసుల కల్తీ పట్టడానికి మండలే ఇచ్చిన పరీక్ష సామాను నా దగ్గరుంది. అందులో వాము గుర్తు కూడా ఉంది. నూకరత్నం మందులో గుప్పెడు వాము వేసింది. వాము సముద్రంలో పండదు. బిళ్ళల మీద వాము కూడా ఉంటే అవి నా మోకాళ్ళ నుంచి వచ్చినవే.

యంత్రం మధ్యాహ్నమంతా తిరిగింది. పద్నాలుగింటికి పద్నాలుగూ వామే.

విరూపాక్ష నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. ఎర్ర సిరాతో పద్నాలుగు కొట్టేశాడు. నన్ను తీసేసే విషయం మండలి తర్వాత తేలుస్తుందట. "ఇవాళ్టి నీళ్ళు మాత్రం వేరే మనిషి తియ్యాలి మేడమ్" అన్నాడు. నూకరత్నం ముందుకు వచ్చింది. అతని ముందే సబ్బుతో కాళ్ళు మోకాళ్ళ పైదాకా తోముకుంది, తొడుగులు వేసుకుంది, దిగి సీసా ముంచింది. ఒడ్డున ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఏడింటికి ఫలితం. ఆరో చోటు: ఉంది.

వాము చూశాను. లేదు. ఇంకోసారి చూశాను. లేదు.

నాలుగో చోటు చూశాను. ఉంది. ఐదో చోటు: ఉంది. ఈసారి అది దారిన వచ్చింది.

ఇతర విషయాలు: ఈ ఋతువులో ఒకటి.

77వ రోజు

ఎర్ర గుడ్డ కట్టాను. తెల్లవారగానే ఇరవై ఆరుగురూ చేతివలలతో రేవు దగ్గరికి వచ్చారు. గుడ్డ చూసి నవ్వడం మొదలుపెట్టారు.

"మామ్మా, మల్లీ రాశావా?" అంది నీలవేణి. మిగతావాళ్ళు మోకాళ్ళు పట్టుకొని కుంటి చూపించారు. బాగానే చేశారు.

"రాయలేదు. నీళ్ళు తీసింది మీ అమ్మమ్మ."

"అమ్మమ్మ సేతికి నూనుంటాది. సేసిందే ఆవిడ గదా."

"వాము లేదే. నాలుగులోనూ ఉంది, ఐదులోనూ ఉంది. ఇది నిజందే."

"నిన్నటిదాకా ఆ పద్నాలుగూ నిజమే అన్నావు" అంది. అప్పటికే చీర దోపుకుంది.

నేను నీళ్ళకు అడ్డంగా నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళు ఈ గుడ్డ చూస్తే పిల్లలు కూడా ఆగేవారు. నిజం రాసినందుకు పోయింది అదొక్కటే.  విరూపాక్ష ఏదో నియమం సంఖ్య చెప్పాడు. ఎవరూ వినలేదు. నీలవేణి నన్ను పక్కకు జరిపి, ఒక కాలు తడి ఇసుకలో పెట్టింది.

"ఆగే!"

నూకరత్నం. వెనక నుంచి వచ్చింది, చేతిలో సగం అల్లిన చాప.

"నా మందులో వాముందా నేదా?" అని నన్ను అడిగింది.

"ఉంది."

"పద్నాలుగింట్లోనూ ఉందా?"

"ఉంది."

"నిన్నటి దాంట్లో?"

"లేదు."

ఆమె మనవరాలి వైపు తిరిగింది. "నా మందు వాము లేకుండా ఉండదే. మా అమ్మ కాడ నుంచి గుప్పెడు తగ్గకుండా ఏత్తన్నాను. వాము నేదంటే అది నా మందు కాదు. నా మందు కాదంటే అది జెల్లి. ఎనక్కి రా. ఇంకోదానికి నా మందు పేరెట్టారంటే కాళ్ళిరగ్గొడతాను."

నా డాక్టరేటు ఆపలేనిది ఆ గుప్పెడు వాము ఆపింది. నీలవేణి కాలు వెనక్కి తీసుకుంది.

తొమ్మిదింటికి విరూపాక్ష, నేను ఒడ్డు నుంచి లాగే సన్నకంతల వల వేయించాం. రెండోసారి లాగినప్పుడు అడుగున, ఇసుకలో, గాజు గిన్నె లాంటిది ఒకటి వచ్చింది. అరచేయంత. నాలుగు మూలలు. నీలవేణి కాలు పెట్టబోయిన చోటికి ఎనిమిది అడుగుల దూరం. తర్వాత టేపు పెట్టి కొలిచాను.

అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. ఎవరూ కుంటి చూపించలేదు. నీలవేణి చాలాసేపు చూసి, "తాతకి తగిలింది ఇంతేనా?" అని అడిగింది.

"దీనికంటే కొంచెం చిన్నది" అన్నాను.

అది వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చేతులు కడుక్కుందో లేదో అడగలేదు.

78వ రోజు

ఒకటి నుంచి ఆరు చోట్లు: లేదు. నీళ్ళు తీసినవారు: మైలపల్లి నూకరత్నం.

కొత్తదాన్ని కొత్త సీసాలో పెట్టాను. పాత సీసా స్పిరిట్ కూడా మార్చాను. పాతది నేనే మెట్లు దిగి, ఊరవతలి ఉప్పుగుంట దాటి, మట్టిలో పోశాను. నూకరత్నం వెంట వచ్చి చివరిదాకా చూసింది.

"సగమైనా ఉంచొచ్చు గదేటి" అంది.

"ఉంచను."

"మామూలు స్పిరిట్టుతో సేత్తే పస ఉండదు వదినా."

"వాము రెండు గుప్పెళ్ళు వెయ్యి" అన్నాను.

 ఆమె ఇంటికి వెళ్ళేదాకా నాకంటే రెండడుగులు ముందే నడిచింది.

రేపు రేవు తెరుస్తాం. మోకాళ్ళు: నొప్పి.

ఇతర విషయాలు: లేవు.